గునుగు మంచం పక్కన రెండు వేళ్ల సందు

రోజు 1

తొట్టి తిరిగి ఇచ్చేశాం. ముప్పై నెలలు నిండిన రోజే స్టోర్‌కు అప్పగించాలని నియమం. ఈ లెవెల్లో తొట్లు పంతొమ్మిదే ఉన్నాయి, కడుపుతో ఉన్నవాళ్లు ముప్పై మంది ఉన్నారు మరి. స్టోర్‌కీపర్ తొట్టి అంచు మీద పంటి గాట్లు చూసి "ఇవి గూడ రాసుకోవాల్నా టీచరమ్మా?" అన్నాడు. రాసుకో, ఈ పిల్ల కొరకనిది మా ఆయన చెవి ఒక్కటే, అదీ రాసుకో అన్నాను.

గునుగు నా మనవరాలు. తల్లి ఉదయ పైన నేల మీద సోలార్ పలకలు తుడిచే డ్యూటీలో ఉంది. నలభై రోజులకు గానీ దిగదు. "అమ్మా, పిల్ల గది సంగతి రోజింత రాసిపెట్టు, నేనచ్చినంక సదువుకుంట" అని చెప్పి లిఫ్టెక్కింది. అందుకే ఈ పుస్తకం.

మంచాల గురించి, దుప్పట్ల గురించి రాయడం నాకు చేతకాదు. ఇరవై ఆరేళ్లుగా గోడపత్రికలో తగాదాలే రాశాను. కానీ ఈ గది కూడా తగాదాపడి తెచ్చుకున్నదే కనుక రాయడానికి నాకు హక్కుంది. ఒకప్పుడు మా మూడో లెవెల్ పిల్లలు తొట్టి దిగితే నేరుగా హాల్లోకే. ఒక్కో హాల్లో నలభై రెండు చాపలు, ఒక్క ఫ్యాను. ఒకడు దగ్గితే తెల్లారేసరికి నలభై రెండు మందీ దగ్గేవాళ్లు. తెల్లారడమంటే లైట్లు వేయడం, అంతే. అదే ఒకటో లెవెల్లో అయితే బిడ్డ పుట్టకముందే గది సిద్ధం. మేం పాత బొగ్గుబావి అడుగున, వాళ్లు మా నెత్తిన కాకుండా పక్కకు, కొండ ఇసుకరాతిలో. రాయి చల్లన, బొగ్గు వెచ్చన. ఈ తేడా దేవుడు పెట్టింది కాదని పదకొండేళ్లు రాశాను. పోయిన ఏడాది, ఒకటో లెవెల్లో కూర్చునే కౌన్సిల్ లొంగింది. ప్రతి బిడ్డకూ ఒక గది.

తలుపు మీద 41-సి అని కొత్త రంగుతో రాసి ఉంది. గునుగు ఆ తడి రంగు మీద చెయ్యి పెట్టింది. ఇప్పుడు 'సి' పక్కన అయిదు వేళ్లున్నాయి.

రోజు 2

మా ఆయన ఓదెలు మంచం చేశాడు. కట్టె మాకు బంగారం కంటే అపురూపం కాబట్టి నీళ్ల పైపు ముక్కలతో ఫ్రేమ్, మధ్యలో పాత కన్వేయర్ బెల్టు. ఎత్తు జానెడే. పడినా దొర్లినట్టుండాలి గానీ పడినట్టుండకూడదని అతని సిద్ధాంతం. మూలలకు రబ్బరు గొట్టం చీల్చి తొడిగాడు. ముప్పై ఏళ్లు గడ్డపారతో పైకప్పు తట్టి, బండ గట్టిదా వదులుదా అని చెప్పి బతికినవాడు. మంచం మూలను కూడా మూడుసార్లు తట్టి చూశాడు.

గది వెడల్పుకు సరిగ్గా చేసి, ఇటొక రెండు వేళ్లు అటొక రెండు వేళ్లు సందు వదిలాడు.

"ఇంకింత వదలరాదా? చెయ్యి పట్టద్దా?" అన్నాను.

"దుప్పటి దోపుకోనీకి గా సందు సాలు. నువ్వేమన్న అండ్ల మీటింగు పెడుతవా?"

ఇది మా ఆయన నోటి నుంచి వచ్చే గౌరవం.

రోజు 3

మొదటి నిద్ర. గునుగు అయిదుసార్లు లేచి వచ్చింది. ఒకసారి నీళ్లు, ఒకసారి ఉచ్చ, ఒకసారి కాలికి దురద, ఒకసారి ఏమీ లేదు. అయిదోసారి వచ్చి "కోడి సూస్తుంది" అంది. గోడకు సున్నం కొట్టి ఓదెలు ఒక కోడిని గీశాడు, అది కళ్లు పెద్దవి చేసుకుని ఉంది. కన్ను చెరిపేశాడు. అప్పుడు పిల్ల, కోడికి కన్ను లేదని ఏడ్చింది. మళ్లీ గీసి, రెప్ప వాల్చాడు. కోడి పడుకుంది. పిల్ల కూడా పడుకుంది.

అవతలి సందులో ఉండే భూలక్ష్మి వచ్చి చూసి వెళ్లింది. ఆమె కొడుకు మోదుగకు కూడా పోయిన నెలే గది వచ్చింది. ఇక్కడ పిల్లలందరికీ పైన ఒకప్పుడు పూసిన పువ్వుల పేర్లే; ఆ పువ్వుల్ని చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు.

"నీ పుణ్యమా అని మా పోరనికి గది అచ్చింది అక్కా" అంది.

పుణ్యమనకు, హక్కు అను అన్నాను. "హక్కైతే హక్కే గనీ, చాయ్ పోస్తవా?" అంది.

రోజు 7

గునుగు కొత్త ఆట కనిపెట్టింది. చేతికి దొరికిందల్లా మంచం పక్క సందులో జారవిడవడం, అది కింద పడిన చప్పుడు విని చప్పట్లు కొట్టడం. ఈ రోజు మంచం లాగి చూస్తే నా దువ్వెన, నాలుగు పల్లీలు, ఓదెలు చుట్టల డబ్బా, బట్టబొమ్మ, గోడపత్రిక కోసం నేను రెండు రోజులుగా వెతుకుతున్న సుద్దముక్క దొరికాయి. ఆ సుద్ద దొరక్క ఒక సంపాదకీయం ఆగింది. పత్రికా స్వేచ్ఛ మీద ఇంత నేరుగా దాడి చేసినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఆ సంపాదకీయం వార్షిక ఒట్టు గురించి. ఒకటో లెవెల్‌ను మేం బహిష్కరించి వచ్చే నెలకు తొమ్మిదేళ్లు. మూడో లెవెల్ మనిషి ఆ మెట్లెక్కడు, వాళ్ల ఇళ్లల్లో పనిచేయడు, వాళ్ల ముఖం చూడడు. కౌన్సిల్‌తో ఏ మాటైనా రెండో లెవెల్ ఆఫీసు గోడకున్న స్పీకర్ పెట్టె ద్వారానే. ఏటా అందరం నిలబడి ఆ ఒట్టు మళ్లీ చెబుతాం. వాక్యం నాదే: "వాళ్లు దిగి వచ్చేదాకా మనం ఎక్కం." ఇప్పటికీ చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మనుషుల్ని కట్టి ఉంచే వాక్యం ఒక్కటి రాస్తే చాలు అనుకునేదాన్ని.

రోజు 12

దుప్పటి దోపుతుంటే నా రెండు వేళ్లూ పట్టలేదు. ఒక్క వేలే పట్టింది.

"కొలత తప్పినవ్" అన్నాను.

"నేను తప్పలే."

"మరి సందేదీ?"

"చెమ్మకు ఉబ్బినట్టున్నది."

"ఇనుప పైపు చెమ్మకు ఉబ్బుతుందా ఓదెలూ?"

అతను వంగి మంచం మూల మళ్లీ తట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నేను వాదనలో గెలిచిన సందర్భాలు కొన్నే. గెలిచానన్న సంతోషంతో, నేనేం అడిగానో నేనే వినలేదు.

రోజు 15

వేలు పట్టడం లేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే ఉదయా, సర్దుకుని చదువు.

మంచం లాగబోతే కదలలేదు. గోడలు రెండు వైపులా ఫ్రేమ్‌ను పట్టుకుని ఉన్నాయి. కోడి ఈకల మీది సున్నం పెచ్చులు పెచ్చులుగా దుప్పటి మీద రాలి ఉంది. గునుగు గోడకు చెవి ఆనించి "కర్ కర్ అంటుంది అమ్మమ్మా" అంది. చాలా మామూలుగా, పప్పు ఉడుకుతోందని చెప్పినట్టు చెప్పింది.

ఓదెలు గడ్డపార తెచ్చాడు. పైకప్పు తట్టాడు, గట్టిగానే ఉంది. ఆ తర్వాత గోడను, కోడి మెడ దగ్గర, రెండుసార్లు తట్టాడు.

లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టారు.

నేను ఓదెలు ముఖం చూశాను, ఓదెలు నా ముఖం చూశాడు. అతను మళ్లీ రెండుసార్లు తట్టాడు. అవతలి నుంచి రెండు దెబ్బలు, ఆ వెనుక ఒక చిన్నపిల్లవాడి నవ్వు. "మోదుగ" అని గునుగు చప్పట్లు కొట్టింది.

భూలక్ష్మి ఇల్లు మా ఇంటి పక్కన లేదు. సందు చుట్టూ తిరిగి వెళ్తే అవతలి వైపు ఉంటుంది. మధ్యలో ఉండాల్సింది బొగ్గు పిల్లర్. వెనకటి కార్మికులు బొగ్గంతా తవ్వుకుపోయినా, పైకప్పు మోయడానికని ముట్టుకోకుండా వదిలేసిన స్తంభం. ముప్పై అడుగుల మందం.

ఓదెలు గడ్డపార కింద పెట్టాడు. "పిల్లర్‌కు ఒక్క గది తొలుస్తమని చెప్పిన్రు నాకు. ఒక్కటైతే తట్టుకుంటది. నేను గూడ సరే అన్న." తలుపు మీది 41-సి వైపు చూశాడు. "సి అంటే, ఎ ఏది, బి ఏది అని ఒక్కనాడన్న అడగకపోతి."

పిల్లను చంకనెత్తుకుని బయటికొచ్చాం. మంచం అక్కడే ఉంది. తీయడానికి రాలేదు.

రోజు 16

రెండో లెవెల్లో గదుల ఆఫీసు. ఇంజనీరు జాడి మహేందర్ నా దగ్గర చదువుకున్నవాడే. మ్యాపు తీశాడు. యాభై మూడు పిల్లర్లు. ఒక్కోదానికి నాలుగు వైపుల నుంచీ నాలుగు గదులు. రెండు వందల పన్నెండు. మధ్యలో మిగిలింది ఒక మూర గోడ. ఏ సందులోని వాళ్లకు ఆ సందు తలుపే కనిపిస్తుంది కనుక ప్రతి ఇంటివాళ్లూ తమది ఒక్కటే అనుకున్నారు.

"నీకు తెలిసే చేశావా?" అన్నాను.

"పైనుంచి తీర్మానం వచ్చింది మేడం. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు జరిగితే పర్వాలేదని రాసిన్రు."

"పదమూడు రోజుల్లో నాలుగు వేళ్లు జరిగింది."

అతను పెన్ను మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. ఏమీ రాయలేదు.

తీర్మానం చూపించమన్నాను. మొదటి పేరా చదివి కుర్చీ కోసం వెతుక్కున్నాను. అది నా పేరా. పదేళ్ల కిందటి నా గోడపత్రిక నుంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తి పెట్టారు: "స్థలం లేదనడం సాకు. చుట్టూ ఇన్ని గోడలు పెట్టుకుని స్థలం లేదనడానికి నోరెలా వచ్చింది? తవ్వండి."

"నేను గోడలన్నాను. పిల్లర్లు అనలేదు."

మహేందర్ తల వంచుకుని, మెల్లగా అన్నాడు. "మన దగ్గర గోడలన్నీ పిల్లర్లే కద మేడం."

యాభై ఒక్క ఏళ్లు ఈ గోడల మధ్య బతికాను. వాటి మీదే రాశాను. అవి దేన్ని మోస్తున్నాయో మాత్రం ఆలోచించలేదు.

రోజు 17

స్పీకర్ ముందు కూర్చున్నాను. కౌన్సిల్ అధ్యక్షుడి గొంతు ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది.

"సమత గారూ, మీ ఆందోళన అర్థమైంది. నమోదు చేసుకున్నాం."

"నమోదు కాదు. పిల్లల్ని ఈ రోజే కదిలించాలి. పిల్లలనే కాదు, మా ఇళ్లన్నీ ఆ పిల్లర్ల నడుమే ఉన్నాయి. మీ వైపు రాతిలో చోటివ్వండి."

"ఒకటో లెవెల్లో ఒక్క గది కూడా ఖాళీ లేదండీ. ఉంటే ఇవ్వమా? కావాలంటే పిల్లల్ని పాత హాళ్లలో సర్దుకోండి."

"ఆ హాళ్ల పైకప్పును కూడా ఈ పిల్లర్లే మోస్తున్నాయి."

"అయితే నిపుణుల సంఘం వేద్దాం. చూడండి, ప్రతి బిడ్డకూ గది కావాలన్నది మీరే. మేం మీ మాట విన్నందుకు కూడా మీరు పోరాడితే ఎలా?"

స్పీకర్ ఆగిపోయింది.  

రోజు 18

కౌన్సిల్ చేత కదిలించాకే చెబుదామని మూడు రోజులు ఆగి, ఈ రోజు భూలక్ష్మికి చెప్పాను. ముందు నమ్మలేదు. మోదుగ మంచం లాగి చూడమన్నాను. చూసి వచ్చింది.

"అయితే పైకి పోదాం నడువు. పిల్లల్ని ఎత్తుకొని వాళ్ల గుమ్మంల కూసుందాం" అంది.

"ఒట్టు ఉంది కదా" అన్నాను.

అన్నాను ఉదయా. నీ బిడ్డ గోడ కర్‌కర్‌మంటుంటే నేను ఆ మాట అన్నాను. దాచి రాయడం నాకు రాదు.

భూలక్ష్మి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఏం మనిషివక్కా నువ్వు. నా పోరని మీద బండ పడ్డంక నీ ఒట్టును తీసుకపోయి ఏడ పెట్టుకుంటవ్? బొంద మీద రాస్తవా?"

వాదించాను. ఆ మెట్లెక్కితే ఉద్యమం దిగినట్టేనన్నాను, తొమ్మిదేళ్ల కష్టమన్నాను, వాళ్ల ముందు చెయ్యి చాచినట్టవుతుందన్నాను. ఓదెలు ఒక మూల కూర్చుని గునుగు జుట్టుకు నూనె రాస్తున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు. "రాసింది నువ్వే గద. కొట్టెయ్యి."

గోడపత్రిక దగ్గరికి వెళ్లాను. ఎర్ర రంగుతో, నా చేతిరాతతో, మనిషెత్తు అక్షరాల్లో ఆ వాక్యం ఉంది. తడి గుడ్డతో తుడిచాను. తొమ్మిదేళ్ల రంగు కదా, ఊరికే పోలేదు; చీపురుతో రుద్దాల్సి వచ్చింది. జనం గుమిగూడారు. ఎవరో వెనక నుంచి "టీచరమ్మ అమ్ముడువోయింది" అన్నారు. తిరిగి చూడలేదు. వాక్యం పోయినచోట రాశాను: "పిల్లర్లలో నాలుగేసి గదులు తొలిచారు. తవ్వమన్నది నేను. తప్పు నాది. మీ పిల్లల మంచాలు లాగి చూడండి. రేపు మొదటి షిఫ్టుకు మెట్ల దగ్గర."

'తప్పు నాది' అని ఈ గోడ మీద రాయడం ఇదే మొదటిసారి. రాయడానికి ఎంతసేపు పట్టిందంటే, అప్పటికి సగం మంది వెళ్లి, మంచాలు లాగి చూసి, మళ్లీ వచ్చారు. 

రోజు 19

నాలుగు వందల పన్నెండు మెట్లు. ముందు మేం కొందరమే ఎక్కాం: నేను, ఓదెలు, భూలక్ష్మి, మహేందర్, ఇద్దరు పిల్లలు. మిగతావాళ్లు పరుపు చుట్టలతో కింద నిలబడ్డారు. దారి పొడవునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. మొదటి వాక్యం మర్యాదగా ఉండాలి, రెండోది ఉండకూడదు.

పైన ఇనుప గేటు. పిలిచాం. మహేందర్ బెల్ నొక్కాడు. లోపల మోగడం మాకు వినిపించింది. ఎవరూ రాలేదు. ఓదెలు తాళం పగలగొట్టాడు.

గేటు లోపల ముందు నా కాలికి తగిలినవి కాగితపు కట్టలు. నా గోడపత్రిక నకళ్లు. ప్రతి సంచికనూ ట్రాలీలో వాళ్లకు పంపేవాళ్లం, చదివి సిగ్గుపడాలని. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. పై కట్ట మీద వేలు పెడితే దుమ్ములో వేలు మునిగింది.

లైట్లు వెలుగుతున్నాయి. చల్లటి గాలి వీస్తోంది, మేం ఎప్పుడూ ఎరగనంత చల్లగా. డెబ్భై నాలుగు ఇళ్లు. ఒక ఇంటి తలుపు తోశాం, ఇంకొకటి తోశాం. వంటింట్లో పొయ్యి మీద గిన్నె లేదు. కొక్కేనికి తువ్వాలు లేదు. పిల్లల గదులు వరసగా, ఒక్కో దాంట్లో చిన్న మంచం, పక్కన పడకుండా కర్ర కటకటాలు. నిజమైన కర్ర. కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అధ్యక్షుడి ఇంట్లో బల్ల మీద హాజరు పుస్తకం. చివరి పేజీలో, "అందరూ కొండ అవతలి కొత్త కాలనీకి తరలింపు" అని, కింద తేదీ.

ఎనిమిదేళ్ల కిందటి తేదీ.

మూడుసార్లు చదివాను. మహేందర్ చేత చదివించాను. మేం బహిష్కరించిన ఏడాదికే వాళ్లు వెళ్లిపోయారు. ఎనిమిదేళ్లు ఏటా నిలబడి, ఖాళీ ఇళ్ల ముఖం చూడబోమని ఒట్టు వేశాం. కొండ అవతల కూర్చుని వాళ్లు స్పీకర్‌లో మాట్లాడుతుంటే, నేను ఈ బల్లతో పోట్లాడాను. ఇక్కడ నూట నలభై ఆరు పిల్లల గదులు చల్లగా తాళం పెట్టి ఉండగా, అక్కడ మా పైకప్పును మోసే స్తంభాలకు తొర్రలు చేశారు. చేయించాను. మాలో ఎవరైనా ఒక్కరు ఒట్టు తప్పి ఒక్కసారి ఈ మెట్లెక్కి ఉంటే తెలిసిపోయేది. అలా ఎవరూ ఎక్కకుండా చూసుకున్నది నేను.

భూలక్ష్మి నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. ఆ తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. ఓదెలు ఆమె చేతిలోంచి మోదుగను తీసుకున్నాడు.

"కింద వాళ్లను రమ్మను" అని మహేందర్‌తో అన్నాను. "పరుపులతో. వంటసామాన్లతో. ముసలివాళ్లను ముందు పంపమను."

రోజు 20

రెండు షిఫ్టులు పట్టింది. కొన్ని గదుల్లో ఇద్దరు పిల్లలు, మిగతావాటిలో ఒకరే. పెద్దవాళ్లం హాళ్లలో సర్దుకున్నాం. చివరి ముసలాయన్ని కుర్చీతో సహా ఎక్కించాక, ఓదెలు ఇంకా ఎవరైనా మిగిలారేమోనని కిందికి వెళ్లి వచ్చాడు. వచ్చి నీళ్లు తాగాడు.

"నలభై ఒకటి కూసున్నది" అన్నాడు. అంటే పిల్లర్ నలిగిపోయిందని. "మంచం విల్లు లెక్క వంగి కొద్దిసేపు ఆపింది. ఆ తర్వాత ఆగలే."

ఎవరూ లేరు కదా అని అడిగాను. లేరన్నాడు. ఇంకోసారి అడిగాను. లేరన్నాడు. ఎన్నిసార్లడిగానో నాకు గుర్తులేదు, అన్నిసార్లూ విసుక్కోకుండా చెప్పాడు.

గునుగుకు అధ్యక్షుడి ఇంట్లో గది వచ్చింది. నేను ఏరి ఇప్పించలేదు, మహేందర్ చీటీలు తీశాడు. మంచం నిండా ఉన్న దుమ్ము దులిపి, మా దుప్పటి పరిచాను. గోడకు కోడి లేదు. పిల్ల గోడకు చెవి ఆనించి చాలాసేపు విని, ఏమీ అనకుండా పడుకుంది. మోదుగ పక్కన పడుకుని ఆమె జుట్టు పట్టుకున్నాడు.

అప్పుడు గోడ మీది స్పీకర్ పెట్టె గరగరమంది. అదే శుభ్రమైన గొంతు, ఈసారి కొంచెం తడబడుతూ.

"ఒకటో లెవెల్లో కరెంటు వాడకం పెరిగింది. ఎవరక్కడ? హలో, ఎవరక్కడ?"

ఇరవై ఆరేళ్లు ఈ గొంతుకు జవాబులు రాశాను. రెండు షిఫ్టులుగా మెట్లెక్కుతూ, దిగుతూ దీని కోసమే మాటలు పేర్చుకున్నాను. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు. గుమ్మంలో నిలబడ్డ భూలక్ష్మి నన్నే చూస్తోంది.

"ఎవరో చెప్పండి. అది అనుమతి లేని ప్రాంతం. వెంటనే..."

మంచం మీంచి, కళ్లు తెరవకుండానే, గునుగు అంది.

"పండుకున్నం. లొల్లి చెయ్యకు."